దూదమ్మ ఇచ్చిన తిరుగుడు

అనగనగా ఆకాశంలో, మన కంటికి ఆనని దూరంలో, ఒక ఊరు ఉండేది. కాళ్ళు ఆడించకు తల్లీ, దుప్పటి జారిపోతోంది. ఆ ఊరి పేరు సుడిపేట. అక్కడ ఉండేవాళ్ళంతా చుక్కలు. చుక్కలైతేనేం, మనలాగే పుడతాయి, ముసలివవుతాయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకుంటాయి.

ఆ ఊళ్ళో ఎవరూ ఒక్కచోట కూర్చోరు. పుట్టిన దగ్గర్నుంచీ ఊరి నడిమధ్య చుట్టూ తిరుగుతూనే ఉంటారు. తింటూ తిరుగుతారు, మాట్లాడుతూ తిరుగుతారు, నిద్రపోతూ కూడా తిరుగుతారు. నీకు బాగా నచ్చే ఊరు.

ఎందుకలా తిరగడమంటే, ఊరి నడిమధ్య ఒక ఇల్లుంది. దానికి గోడల్లేవు, తలుపుల్లేవు. ఒక గడప మాత్రం ఉంది. ఆ గడప దాటి లోపలికి పోయినవాళ్ళు వెనక్కి రారు. దీపం పట్టి లోపలికి చూపిస్తే ఆ వెలుతురు కూడా వెనక్కి రాదు. లోపల ఉన్నవాణ్ణి ఎవరూ చూడలేదు. నడిమింటాయన అనేవారు. మీ అన్నయ్య పుస్తకంలో అలాంటివాణ్ణి కృష్ణబిలం అని రాశారు చూడు, ఆయనే ఈయన.

తిరిగినంతకాలం ఎవరికీ భయం లేదు. తిరుగుడు పోయిందా, ఇక నేరుగా ఆ గడప మీదికే. పైగా ఆ తిరుగుడు సంతలో దొరికేది కాదు, ఇంట్లో పుట్టేది కాదు. ఒకళ్ళు ఇస్తేనే ఇంకొకళ్ళకి వస్తుంది. ఎంత ఇస్తే ఇచ్చినవాళ్ళకి అంత తగ్గిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఆ ఊళ్ళో దూదమ్మ అని ఒక ముసలి చుక్క ఉండేది. పొట్టిది, తెల్లనిది. ఎప్పుడో మంట ఆరిపోయింది, ఒంట్లో వేడి మాత్రం మిగిలింది. చూడ్డానికి గుప్పెడంతే, బరువు మాత్రం కొండంత. నోరు కూడా అంతే.

దూదమ్మ పని చుక్కలకి పురుడు పోయడం. సుడిపేట వీధుల నిండా మబ్బులుండేవి. మన వానమబ్బుల్లాంటివి కావవి. పొగకంటే పల్చన, ఊళ్ళకంటే పెద్దవి. దూదమ్మ అందులోంచి చల్లగా ఉన్న మబ్బు చూసి, దగ్గరికి పోగుచేసి, పొత్తిళ్ళలో చుట్టినట్టు చుట్టేది. గాలి తగలనిచ్చేది కాదు. ఆ మబ్బు తన బరువుకి తనే కుంగి, ముడుచుకుని, లోపల వేడెక్కి, ఒకనాడు భగ్గున వెలిగేది. అదీ చుక్క పుట్టడమంటే.

ఊళ్ళో సగం చుక్కలు ఆవిడ చేతుల్లో పడ్డవే. ఆవిడకి మాత్రం ఎవరూ లేరు. అందుకని ఊరి చివర ఒక మబ్బుని తనకోసం అట్టేపెట్టుకుంది. ముందే పేరు కూడా పెట్టేసింది, మిణుగు అని. పుట్టని పిల్లకి పేరేమిటని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అంది దూదమ్మ.

అప్పుడు ఒకసారి ఏమైందంటే, రెండు మబ్బులు ఎదురుబొదురుగా వచ్చి గుద్దుకున్నాయి. అందులోంచి ఒక పాయ తిరుగుడు పోగొట్టుకుని నడిమింటి వైపు జారింది. జారినది జారినట్టు లోపల పడిపోలేదు. గడప చుట్టూ గిరగిరా తిరిగింది. తిరుగుతూ తనలో తనే ఒరుసుకుంది. తిరగలి విసిరితే పిండి వెచ్చబడుతుంది చూడు, అలా వెచ్చబడి, ఎర్రబడి, తెల్లబడి ధగధగా వెలిగింది. అప్పుడు గడప దాటింది.

ఊరంతా నోరు తెరిచింది.

"నడిమింటాయన మనకోసం దీపం పెట్టాడర్రా!" అన్నాడు ఎర్రన్న. ఎర్రన్న ఆ ఊరి పెద్ద. వయసు మీదపడి ఒళ్ళంతా ఉబ్బి ఎర్రగా ఉండేవాడు. గొప్పలంటే ప్రాణం.

"దీపమూ లేదు, ఏమీ లేదు. ఆయన అన్నం తిన్నాడు," అంది దూదమ్మ. "వెలిగింది ఆయన కాదురా ఎర్రన్నా, ఆయన విస్తట్లో మెతుకులు."

వింటేగా! పక్కన వంపులూరని ఇంకో ఊరుంది. ఆ ఊరివాళ్ళు సుడిపేటని మసకపేట అని వెక్కిరించేవాళ్ళు. ఎర్రన్నకి ఆ మాట గుండెల్లో ముల్లులా ఉండేది. ఇప్పుడు ఊరికి పెద్ద దీపం దొరికింది. ఇంకేం కావాలి?

ఆ తర్వాత వీధి వీధికీ కబురు వెళ్ళింది. ప్రతి వీధీ ఒక మబ్బు పంపాలి, నడిమింటాయనకి వడ్డించాలి. ఎర్రన్న దూదమ్మ దగ్గరికీ వచ్చాడు.

"అక్కా, ఊరి చివర నీ మబ్బొకటి ఉందిగా."

"ఉంది. అది మబ్బు కాదు, మిణుగు. ఇవ్వను పో."

సుడిపేటలో వడ్డనకి ఒక పద్ధతుంది. అతిథిని "చాలా?" అని అడగకూడదు. అడిగితే తప్పు, ఇంటికి అప్రతిష్ఠ. అతిథి తనే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. పెట్టేదాకా వడ్డిస్తూనే ఉండాలి. ఆ పద్ధతి ప్రకారమే వడ్డించారు. ఒక మబ్బు వేశారు, చెయ్యి అడ్డం రాలేదు. ఇంకో మబ్బు వేశారు, రాలేదు.

"ఒరేయ్, ఆయనకి చేతులున్నాయా?" అని అరిచింది దూదమ్మ.

"పెద్దలు పెట్టిన పద్ధతక్కా," అన్నాడు ఎర్రన్న. ఇలాంటివాళ్ళతో ఏం వాదిస్తాం చెప్పు.

నడిమింటి చుట్టూ మబ్బులు పళ్ళెంలా పరుచుకున్నాయి. ఆ పళ్ళెం వెలుగు ముందు ఊళ్ళో చుక్కలన్నీ కలిసినా వెలవెలబోయాయి. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో చూడ్డానికి వచ్చారు. పైనుంచి వచ్చినవాళ్ళు, "అబ్బ, కళ్ళు పోతున్నాయి, ఏం వెలుగు!" అన్నారు. పక్కనుంచి వచ్చినవాళ్ళు, "వెలుగెక్కడ? చుట్టూ దుమ్ము తెరే కదా!" అన్నారు. నీకు చూపు లేదంటే నీకు లేదని కొట్టుకున్నారు. ఇద్దరూ చూసింది ఒకే ఇల్లు. నిలబడ్డ చోటు వేరు, అంతే.

ఎర్రన్న మళ్ళీ వచ్చాడు. "అక్కా, అందరూ ఇచ్చారు. నువ్వొక్కదానివే."

"పసిమబ్బురా, ఇంకా చల్లారనే లేదు. పోయి రా," అంది దూదమ్మ. ఊరి చివరికెళ్ళి మబ్బు పక్కనే తిరుగుతూ గడిపింది. కునుకు పట్టలేదు. అటు తిరిగితే ఆ వెలుగు, ఇటు తిరిగితే ఆ వెలుగు. నీలాగే అటూ ఇటూ దొర్లింది పాపం.

ఆ తర్వాత మూడోసారి వచ్చింది ముప్పు. ఈసారి వంపులూరే కదిలి వచ్చింది. ఊళ్ళు దగ్గరైతే ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆపడం ఎవరి తరమూ కాదు. ఊళ్ళో ఊరు దూరింది. చుక్కకీ చుక్కకీ మధ్య బోలెడు ఎడం కాబట్టి చుక్కలు గుద్దుకోలేదు. మబ్బులు మాత్రం మబ్బుల మీద పడ్డాయి. ఎక్కడి తిరుగుడు అక్కడ పోయింది. వంపులూరికీ ఒక నడిమింటాయన ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ చుట్టూ ఒకళ్ళు తిరిగి తిరిగి చివరికి ఒకే గడప అయ్యారు. రెండూళ్ళ మబ్బులూ కట్టలు తెంచుకుని ఆ గడప మీదికి దూకాయి. ఎర్రన్న గొంతు చించుకుంటూ, "వడ్డించండి, వడ్డించండి!" అంటూనే ఉన్నాడు.

అప్పుడు మింగేదానికంటే చిందేది ఎక్కువైపోయింది. పళ్ళెం మండింది. ఆ మంటలోంచి గాలి పుట్టింది. పైకొకటి, కిందికొకటి రెండు నిప్పు స్తంభాలు లేచి ఊరు దాటి పోయాయి. గాలి వీధి వెంట వీధి ఊడ్చేసింది. ఉన్న మబ్బులు కొన్ని కాగిపోయాయి, కొన్ని ఊరి బయటికి కొట్టుకుపోయాయి. కాగిన మబ్బులోంచి పిల్ల పుట్టదు. పొత్తిళ్ళు ఖాళీ అయిపోయాయి.

ఎర్రన్న నోరు అప్పుడు మూతపడింది.

ఆ గాలి ఇంకా ఊరి చివరికి రాలేదు. వస్తే మిణుగు గతి ఏమిటి? దూదమ్మ ఇక ఆగలేదు. చుట్లు చిన్నవి చేసుకుంటూ, చిన్నవి చేసుకుంటూ, ఎవరూ వెళ్ళనంత దగ్గరగా నడిమింటికి వెళ్ళింది. నిలబడలేదు, నిలబడితే అంతే. గడప చుట్టూ బొంగరంలా తిరుగుతూనే కేకేసింది.

"నాయనా, ఇక చాలు! ఊరు ఊరంతా మింగేస్తావా?"

లోపల్నుంచి గొంతు రాదు కదా. గడప పక్కన ఒరుసుకుంటున్న మంటలే ఆయన మాట చెప్పాయి.

"అమ్మా, నేను ఎవర్నీ పిలవలేదు. నేను లేచి ఎవరింటికీ రాలేదు. దూరంగా తిరిగేవాళ్ళ జోలికి ఎప్పుడన్నా వచ్చానా? మీరు వడ్డించారు, నేను తిన్నాను. నాకు కాదనడం రాదు."

"మరి చెయ్యి అడ్డం పెట్టొచ్చుగా!"

"పెట్టానుగా అమ్మా. ఆ గాలే నా చెయ్యి."

నిజమే. ఆయన చాలు, చాలు అని తోసేస్తున్నాడు. తోసిన కొద్దీ వీళ్ళు వడ్డిస్తున్నారు. దూదమ్మ కోపంతో వచ్చింది కదా, ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ గాలి ఎప్పటికి ఆగుతుంది?"

"నా చుట్టూ తిండి లేకుండా పోతే ఆగుతుంది. అప్పుడు నిద్రపోతాను. నువ్వు మాత్రం ఇక వెళ్ళమ్మా. నా దగ్గర ఎక్కువసేపు తిరిగినవాళ్ళెవరూ మిగల్లేదు."

దూదమ్మ వెనక్కి పరుగు పెట్టింది. పరుగంటే చుట్లే, పెద్దవి చేసుకుంటూ, పెద్దవి చేసుకుంటూ. ఊరి చివరికి వచ్చేసరికి గాలి ముందే వచ్చి మబ్బు ముందు నిలబడింది.

జన్మంతా ఆవిడ పిల్లలకి గాలి తగలనివ్వలేదు. ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. అప్పుడు ఆవిడ గాలికి ఎదురుగా మబ్బుని పెట్టి, తను మబ్బు వెనక వీపు ఆనించింది. ఇన్నాళ్ళూ చల్లబరిచింది కదా, ఆ మబ్బు చిక్కగా గడ్డకట్టి ఉంది. గాలి కూడా అంత దూరం వచ్చేసరికి కొంచెం అలిసిపోయింది. చెదరగొట్టబోయి, నొక్కింది. ఇటు గాలి, అటు దూదమ్మ. మధ్యలో మబ్బు ముడుచుకుంది. ఇంకా ముడుచుకుంది.

భగ్గుమని వెలిగింది మిణుగు!

దూదమ్మ ఏడ్చింది. సంతోషం తల్లీ, సంతోషానికి కూడా ఏడుస్తారు. కానీ చేతులు చాచేలోపలే పిల్ల చేజారింది. గాలి ఒళ్ళో పుట్టిన పిల్ల కదా, గాలి పరుగంతా దాని కాళ్ళలోకి వచ్చేసింది. పుట్టిన పిల్లలు కేరుమంటారు. ఇది పరిగెత్తింది. నేరుగా, ఊరి బయటికి, వెనక్కి కూడా చూడకుండా.

"మిణుగూ! ఆగవే!"

"ఆగలేను అమ్మమ్మా! కాళ్ళు ఆగట్లేదు!"

ఎంతో దూరం పోయింది. ఆ తర్వాత పరుగు నెమ్మదించింది. నెమ్మదించి, ఆగి, వెనక్కి మళ్ళింది. ఊరు తనని లాగుతోంది. వస్తోంది, వస్తోంది, మన పిల్ల ఇంటికొస్తోందని ఊరంతా చప్పట్లు కొట్టింది. దూదమ్మ మాత్రం కొట్టలేదు. పిల్ల ఎలా వెళ్ళిందో అలాగే వస్తోంది, గీత గీసినట్టు నేరుగా. నేరుగా వచ్చే దారి ఎక్కడికి పోతుందో నీకు తెలుసుగా.

నడిమింటి గడప మీదికి.

"పక్కకి తిరగవే తల్లీ! చుట్టూ తిరుగు!"

"ఎలా తిరగాలి అమ్మమ్మా? నా దగ్గర తిరుగుడు లేదు!"

దూదమ్మ ఎర్రన్న దగ్గరికి పరిగెత్తింది. "ఒరేయ్, పిల్లకి కాస్త తిరుగుడు ఇవ్వరా." ఎర్రన్న తల దించుకున్నాడు. "ముసలాణ్ణి అక్కా. ఉన్నది నాకే చాలదు." వంపులూరి పెద్ద దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ, "మా పిల్లలే నలుగురున్నారమ్మా," అంది. తను పురుడు పోసిన చుక్కలన్నిటినీ, పక్కనే తిరుగుతూ, పేరుపేరునా అడిగింది. ఒక్కరూ ముందుకి రాలేదు. చెడ్డవాళ్ళు కారు. భయం. ఆ గడప అంటే ఎవరికి భయం ఉండదు?

మిణుగు దగ్గరైపోతోంది. దాని వెలుగు ఇప్పుడు నడిమింటి వెలుగులో కలిసిపోయేలా ఉంది. పిల్లకి ఇంకా భయం తెలియదు. పరుగు బాగుందని నవ్వుతోంది.

అప్పుడు దూదమ్మ ఇంకెవర్నీ అడగలేదు.

ఆవిడ చుట్లు చిన్నవి చేసుకుంటూ వెళ్ళి మిణుగు దారికి అడ్డంగా వచ్చింది. దగ్గరికి రాగానే పిల్లని రెండు చేతులా పట్టుకుంది. అదే మొదటిసారి పట్టుకోవడం. ముక్కు మీద ముద్దు పెట్టుకుంది. పెట్టుకుని, జన్మంతా తను తిరిగిన తిరుగుడు మొత్తం రెక్కల్లోకి తెచ్చుకుని, పిల్లని పక్కకి తోసింది.

మిణుగు పక్కకి వెళ్ళింది. దారి వంగింది. వంగి, వంగి, గడపని దూరంగా చుట్టేసింది. తిరుగుతోంది! మిణుగు తిరుగుతోంది!

"అమ్మమ్మా, చూడు, నేను తిరుగుతున్నా!"

అంటూ వెనక్కి చూసింది. దూదమ్మ దగ్గర తిరుగుడు లేదు. ఉన్నదంతా ఇచ్చేసింది కదా. ఆవిడ నేరుగా గడప వైపు నడుస్తోంది.

ఎవరు ఆ గడప దగ్గరికి వెళ్ళినా చీలికలు పేలికలై, మండి, వెలిగి మరీ వెళ్ళేవారు. దూదమ్మ పొట్టిది, గట్టిది. చీలలేదు, మండలేదు. ఒక్క మిణుకైనా లేకుండా వెళ్ళింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నడక నెమ్మదించినట్టు కనిపించింది మిణుగుకి. ఇంకా నెమ్మదించింది. ఆగినట్టే ఉంది. తెల్లని ఒళ్ళు ఎర్రబడింది, మసకబడింది. అక్కడే నిలబడి ఇటే చూస్తున్నట్టుంది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే కనిపించకుండా పోయింది.

ఆ తర్వాత నడిమింటి చుట్టూ తిండి లేదు. పళ్ళెం చల్లారింది, స్తంభాలు ఆరిపోయాయి, గాలి ఆగింది. నడిమింటాయన నిద్రపోయాడు. ఊరు మళ్ళీ మసకపేట అయింది. ఎర్రన్న ఆ మాట ఇక పట్టించుకోలేదు. పురుళ్ళూ లేవు, పురుడు పోసేవాళ్ళూ లేరు. ఆ ఊళ్ళో అందరికంటే చిన్నది మిణుగే.

మిణుగు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. కాళ్ళలో ఆ గాలి ఇంకా ఉంది. ఎప్పుడు చూసినా ఊరు దాటి పారిపోవాలని చూస్తుంది. దూరం, దూరం పోతుంది. పోయినప్పుడల్లా ఏదో మెత్తగా పట్టుకుని వెనక్కి తిప్పుతుంది. గడప మీద పడనివ్వదు, ఊరు దాటనివ్వదు.

"నడిమింటాయన లాగుతున్నాడే," అంటాడు ఎర్రన్న.

"ఆయన ఒక్కడే కాదు," అంటుంది మిణుగు.

నిజమే కదా. లోపలికి వెళ్ళినవాళ్ళ వెలుగు బయటికి రాదు, మాట బయటికి రాదు. బరువు మాత్రం పోదు. అది ఆ ఇంటి బరువులో కలుస్తుంది. ఇప్పుడు ఆ లాగే చేతుల్లో దూదమ్మ చెయ్యి కూడా ఉంది.

ఏంటీ? మన ఊళ్ళోనా? ఉన్నాడు, మన పాలపుంత నడిమధ్యా ఒకాయన ఉన్నాడు. నిద్రపోతున్నాడులే. ఎప్పుడో ఒక పాయ జారి పడితే ఒత్తిగిలి, కాస్త మెరిసి, మళ్ళీ పడుకుంటాడు. మనం చాలా దూరంగా తిరుగుతున్నాం, భయం లేదు. అవును, ఇప్పుడు కూడా తిరుగుతున్నాం, మంచంతో సహా. నువ్వు వేరే ఆ కాళ్ళు ఆడించక్కర్లేదు. ఇలా రా, నా చెయ్యి మీద తల పెట్టు. బరువుగా ఉందా చెయ్యి? ఉండనీ.

తిరిగే చుక్క తిరగనీ,
ఆడే కాళ్ళు ఆగనీ,
కథేమో నడిమింటికి,
కునుకేమో నీ కంటికి.